కాణిపాకంలో ఒట్టేసి ఇంటికొచ్చాక, ఆ సాయంత్రం ఎక్కడికి పోవాలి?

మన చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో తాగుడు మానాలి అనుకున్న మనిషికి, వాళ్ళింట్లో వాళ్ళకి మొదట గుర్తొచ్చేది కాణిపాకం. కోనేట్లో మునిగి, తడి బట్టలతో వరసిద్ధి వినాయకుడి ముందు నిలబడి "ఇంక ముట్టను స్వామీ" అని ప్రమాణం చేసి వస్తారు. ఆ ప్రమాణాన్ని చిన్నచూపు చూసేవాళ్ళతో నేను ఏకీభవించను. దేవుడి ముందు, నలుగురి ముందు నోరు తెరిచి చెప్పడం చిన్న పని కాదు. ఇబ్బంది ఆ తర్వాతే మొదలవుతుంది. పొద్దున తొమ్మిదికి ఒట్టు వేస్తే, సాయంత్రం ఏడయ్యేసరికి ఇన్నేళ్ళుగా ఆ వేళకు మందుకు అలవాటు పడిన ఒళ్ళు అడగడం మొదలుపెడుతుంది. పని అయిపోతుంది, దోస్తులు ఫోన్ చేస్తారు, దారిలో అదే షాపు. ఆ గంటన్నర ఎక్కడ కూర్చోవాలో ఎవరూ చెప్పరు. చాలా ఒట్లు తెగిపోయేది ఆ గంటన్నరలోనే.

ఆ గంటన్నర కూర్చోడానికి ఉన్న చోటే ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగ్. ఎ.ఎ. అంటారు. 1935లో అమెరికాలోని ఏక్రన్ ఊళ్ళో ఇద్దరు తాగుబోతులు, ఒకరు షేర్ల వ్యాపారి, ఇంకొకరు సర్జన్, ఒకరికొకరు ఆసరాగా నిలబడి మానేయడంతో పుట్టింది. మన దేశంలోకి 1957లో వచ్చింది. చేరడానికి ఒక్కటే అర్హత: మానాలన్న కోరిక. ఫీజు లేదు, ఫారం లేదు, ఆధార్ అడగరు, కులం మతం అడగరు. ఇక్కడ మాత్రలు ఇవ్వరు, ఇంజక్షన్లు వేయరు, ఎవరినీ ఎక్కడా చేర్పించరు. తాగి చెడి మానినవాళ్ళు, మానాలనుకునేవాళ్ళు ఒక గదిలో కుర్చీలు వేసుకుని మాట్లాడుకుంటారు, అంతే.

మీటింగ్ ఎలా వెతకాలో చెప్పేముందు ఒక విషయం తేల్చుకోవాలి. ఇది తేల్చకుండా వెతకడం ప్రమాదం.

రోజూ తాగే మనిషి ఉన్నట్టుండి ఆపితే ప్రాణం మీదికి రావచ్చు. ఎంత తాగుతున్నారో ముందు లెక్క వేయండి. 180 మి.లీ. క్వార్టర్, 42.8 శాతం సరుకు అయితే, అందులో సుమారు 60 గ్రాముల అసలు ఆల్కహాల్ ఉంటుంది. నైంటీలో 30. స్ట్రాంగ్ బీరు 650 మి.లీ. సీసా 8 శాతం అయితే 40 గ్రాముల పైనే. డాక్టర్లు 10 గ్రాములను ఒక డ్రింక్ అని లెక్కపెడతారు. అంటే "రోజుకు ఒక్క క్వార్టరేలే" అనేది ఆరు డ్రింకులు. నెలల తరబడి రోజూ అంత తాగుతున్నా, పొద్దున లేవగానే చెయ్యి వణుకు ఆగడానికి ఒక పెగ్గు వేసుకోవాల్సి వస్తున్నా, ఇదివరకు మానినప్పుడు ఒక్కసారైనా ఫిట్స్ వచ్చినా, మీటింగ్ కన్నా ముందు డాక్టర్ దగ్గరికి పోవాలి.

ఆపాక ఏం జరుగుతుందో గంటల లెక్కన తెలుసుకుని ఉంటే ఇంట్లో వాళ్ళు కంగారు పడరు, అజాగ్రత్తగానూ ఉండరు. చివరి పెగ్గు తర్వాత ఆరు నుంచి ఎనిమిది గంటల్లో వణుకు, చెమట, వాంతి, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. ఫిట్స్ ఎక్కువగా మొదటి రెండు రోజుల్లో వస్తాయి. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి మతి తప్పుతుంది. గోడ మీద చీమలు పాకుతున్నాయంటారు, లేని మనిషితో మాట్లాడతారు, దుప్పటి మీద ఏదో ఏరుతూ ఉంటారు, జ్వరం వస్తుంది, గుండె దడదడలాడుతుంది. దీన్ని మన పల్లెల్లో గాలి సోకిందనుకుని తాయెత్తు కట్టించడానికి తీసుకుపోతారు. ఒట్టు తప్పినందుకు దేవుడికి కోపం వచ్చిందని కూడా అంటారు. ఇది ఆల్కహాల్ ఉన్నట్టుండి ఆగిపోవడం వల్ల మెదడుకు వచ్చిన కుదుపు. వైద్యం అందకపోతే మనిషి దక్కకపోవచ్చు. 108కి ఫోన్ చేయండి, "రోజూ తాగేవాడు, ఫలానా రోజు ఫలానా టైముకు ఆపేశాడు" అన్న మాట ముందు చెప్పండి. ఆ ఒక్క వాక్యంతో డాక్టర్ పని సగం సులువవుతుంది.

ఇక్కడే ఇంకొక పొరపాటు. నీరసంగా ఉన్నాడని ఊళ్ళో ఆర్.ఎం.పి. దగ్గరికి తీసుకుపోయి "ఒక గ్లూకోజ్ ఎక్కించండి" అంటారు. ఏళ్ళ తరబడి తాగి, తిండి సరిగ్గా తినని ఒంట్లో బి1 విటమిన్, అంటే థయమిన్, అడుగంటి ఉంటుంది. అది ఇవ్వకుండా ఉత్త గ్లూకోజ్ ఎక్కిస్తే మిగిలిన కాస్తా ఖర్చయిపోయి మెదడు దెబ్బతింటుంది. చూపు రెండుగా కనిపించడం, నడక తూలడం, మతిమరుపు, వీటిలో కొన్ని మళ్ళీ బాగుపడవు. అందుకే పెద్దాసుపత్రిలో ముందు థయమిన్ ఇంజక్షన్ వేసి, ఆ తర్వాతే గ్లూకోజ్ పెడతారు. వణుకు తగ్గడానికి ఇచ్చే మాత్రలు కూడా రోజురోజుకూ మోతాదు తగ్గించుకుంటూ వారం పది రోజుల్లో ఆపేసేవి. పక్కింటాయనకు రాసిన చీటీ పట్టుకుపోయి మెడికల్ షాపులో కొనుక్కోవద్దు. లివర్ పాడైనవాళ్ళకు మాత్రే వేరు.

తిరుపతిలో అయితే రుయా ఆసుపత్రి మానసిక వైద్య విభాగం ఓపీ. చిత్తూరు వైపు వాళ్ళకు జిల్లా ప్రభుత్వ ఆసుపత్రి. పలమనేరు, బంగారుపాళ్యం, గుడిపాల వైపు వాళ్ళు చాలామంది వేలూరు సీఎంసీ వాళ్ళ మెంటల్ హెల్త్ సెంటర్‌కు, బాగాయానికి పోతుంటారు. కుప్పం వాళ్ళకు బెంగళూరు నిమ్హాన్స్ దగ్గర. అక్కడ తాగుడు, మత్తు అలవాట్లకే ప్రత్యేక విభాగం ఉంది. "మెంటల్" అన్న బోర్డు చూసి వెనక్కి తిరిగిపోకండి. తాగుడు వైద్యం ఆ విభాగంలోనే చేస్తారు, అక్కడికి వచ్చేవాళ్ళలో సగటు మనుషులే ఎక్కువ. పోయేటప్పుడు పాత చీటీలు, వాడుతున్న మాత్రల అట్టలు, షుగరు బీపీ ఉంటే ఆ పుస్తకం పట్టుకుపోండి. పసుపు కళ్ళు, నల్లటి విరేచనం, రక్తపు వాంతి ఉంటే ఓపీ చీటీ కోసం వరసలో నిలబడకుండా నేరుగా ఎమర్జెన్సీకి.

ఇప్పుడు మీటింగ్ సంగతి.

ఏ వీధిలో, ఏ రోజు, ఎన్ని గంటలకు అన్నది నేను ఇక్కడ కావాలనే రాయడం లేదు. ఎ.ఎ. గ్రూపులకు సొంత బిల్డింగులు ఉండవు. చర్చి పక్క గది, బడి మూసేశాక ఒక తరగతి గది, కమ్యూనిటీ హాలు, ఇలాంటివి గంటకు అద్దెకు తీసుకుని నడుపుతారు. బడికి పరీక్షలొస్తే చోటు మారుతుంది, హాల్లో పెళ్ళి పెట్టుకుంటే రోజు మారుతుంది. రెండేళ్ళ కిందటి అడ్రసు పట్టుకుని, ఎంతో ధైర్యం కూడగట్టుకుని వచ్చిన మనిషి తాళం వేసిన తలుపు చూస్తే, అక్కడి నుంచి ఎటు పోతాడో మీకు తెలుసు. కాబట్టి అడ్రసు కన్నా అడిగే పద్ధతి తెలుసుకోవడం మేలు.

మొదట ఇంటర్నెట్‌లో ఎ.ఎ. జనరల్ సర్వీస్ ఆఫీస్ ఇండియా అని వెతకండి. ముంబైలో ఉన్న ఆఫీసు అది, దేశంలోని గ్రూపుల వివరాలు అక్కడ చేరతాయి. గూగుల్‌లో ఉత్తినే "తిరుపతి డీఅడిక్షన్" అని కొడితే ముందు వచ్చేవి డబ్బు కట్టిన ప్రైవేటు సెంటర్ల ప్రకటనలు, అవి ఎ.ఎ. కావు. ఆఫీసు నంబరుకు ఫోన్ చేసి మన ప్రాంతం చూసే సభ్యుడి నంబరు అడగండి. రెండో దారి ఆసుపత్రి. మానసిక వైద్య విభాగంలో డాక్టర్ కన్నా అక్కడి కౌన్సిలర్‌నో, సోషల్ వర్కర్‌నో అడిగితే మంచిది, మానినవాళ్ళు ఎవరు ఎక్కడ కలుస్తున్నారో వాళ్ళకు తెలిసే అవకాశం ఎక్కువ. మూడోది 14446, కేంద్ర ప్రభుత్వం మత్తు విముక్తి కోసం పెట్టిన ఉచిత నంబరు. దగ్గర్లో ప్రభుత్వ సాయంతో నడిచే సెంటర్లు ఏమున్నాయో చెబుతారు. ఆ సెంటర్లలో చాలాచోట్ల ఎ.ఎ. వాళ్ళు వచ్చి మీటింగ్ పెట్టిపోతుంటారు, ఏ రోజో అడగండి. మనసు మరీ కుంగిపోయి, చచ్చిపోదామనే ఆలోచన వస్తుంటే 14416, టెలీ మానస్. 2022 అక్టోబరులో మొదలైంది, రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు.

నంబరు దొరికాక చాలామంది ఆగిపోయేది "ఏమని మాట్లాడాలి" అన్న దగ్గర. ఇంత చాలు:

"అన్నా నమస్తే. తిరపతి నుంచి మాట్లాడతా ఉండా. తాగుడు ఇడిసిపెట్టాలనుకుంటా ఉండా. ఈ వారం మీటింగు ఏ రోజు, యాడ జరుగుతాదో చెప్తావా?"

పేరు చెప్పనక్కర్లేదు. అవతల మనిషి కూడా ఇలాంటి ఫోనే ఒకనాడు చేసినవాడు కాబట్టి మీ గొంతు తడబడినా పట్టించుకోడు. పగలు పనిలో ఉండి ఎత్తకపోతే సాయంత్రం ఆరు తర్వాత మళ్ళీ చేయండి, లేదా ఒక్క లైను మెసేజ్ పెట్టండి. ఫోన్ పెట్టేయకముందు నాలుగు సంగతులు అడిగి కాగితం మీద రాసుకోండి. ఈ వారం కచ్చితంగా జరుగుతుందా? బస్సు దిగాక గుర్తు ఏంది, గది కిందా, మేడ మీదా? తెలుగులో మాట్లాడతారా, తమిళం ఎక్కువా? ఓపెనా, క్లోజ్‌డా? క్లోజ్‌డ్ అంటే తాగుడు సమస్య ఉన్నవాళ్ళకే. ఓపెన్ అయితే భార్య, అన్నదమ్ముడు, ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. చివరిగా, "గేటు దగ్గర ఎవరైనా నిలబడి ఉంటారా" అని అడగండి. ఒక మనిషి బయటికి వచ్చి పిలిస్తే లోపలికి అడుగు పడుతుంది. ఆడవాళ్ళయితే "ఒక ఆడ సభ్యురాలితో మాట్లాడించండి" అని నేరుగా అడగండి, మొహమాటం వద్దు. మన ఊళ్ళలో ఆడవాళ్ళ తాగుడు ఇంట్లోనే దాగిపోతుంది గనుక మీటింగుల్లో తక్కువగా కనిపిస్తారు. కానీ ఆడవాళ్ళకే జరిగే ఆన్‌లైన్ మీటింగులు ఉన్నాయి.

కాస్త ముందే పోండి, పావుగంట ముందు. పెద్ద బోర్డు ఉండదు. ఒక కాగితం మీదో, చిన్న అట్ట మీదో గుండ్రం లోపల త్రికోణం గుర్తు, లేదా ఎ.ఎ. అన్న రెండు అక్షరాలు, అంతే ఉంటుంది. అది గోప్యత కోసం.

లోపల ఏమవుతుందో తెలియక భయపడతారు కాబట్టి కాస్త వివరంగా. గంట నుంచి గంటన్నర ఉంటుంది. ఎనిమిది మందో, పదిహేను మందో, ఒక్కోసారి నలుగురో. ఆ రోజు నడిపే మనిషి మొదట ఎ.ఎ. అంటే ఏమిటో చెప్పే నాలుగు వాక్యాలు చదువుతాడు. తర్వాత ఒక్కొక్కరూ తమ పేరు చెప్పి, "నేను ఆల్కహాలిక్‌ని" అని మొదలుపెట్టి తమ సంగతి చెబుతారు. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు అడ్డు తగలరు, సలహా ఇవ్వరు, "అది తప్పు" అనరు. పల్లె పంచాయితీకి అలవాటు పడిన మనకు ఇది మొదట వింతగా ఉంటుంది. మీ వంతు వచ్చినప్పుడు "ఈరోజు వింటాను" అంటే చాలు, తర్వాతి మనిషికి వెళ్ళిపోతుంది. మధ్యలోనో చివర్లోనో ఒక సంచో, డబ్బానో చేతులు మారుతుంది. గది అద్దెకు, టీకి సభ్యులు వేసుకునేది అది. కొత్తవాళ్ళు వేయనక్కర్లేదు. బయటి నుంచి చందాలు తీసుకోకూడదన్నది వాళ్ళ నియమం, రాజకీయ నాయకుడిచ్చినా వద్దంటారు. కొన్నాళ్ళుగా తాగకుండా ఉన్నవాళ్ళకు గుర్తుగా నాణెం లాంటి బిళ్ళలు ఇచ్చి చప్పట్లు కొడతారు. 24 గంటలకూ ఒక బిళ్ళ ఉంటుంది. దానికే చప్పట్లు గట్టిగా పడతాయి.

మానడానికి ఎ.ఎ. వాళ్ళు ఒక్కొక్కటిగా పాటించే 12 సూత్రాలను 12 మెట్లు అంటారు. వాటిలో దేవుడి మాట వస్తుంది. తిరుపతిలో పుట్టి పెరిగినవాడికి అది ఇబ్బంది అనిపించదు, కానీ "వెంకన్నను వదిలేసి వేరే ప్రార్థనా?" అని కొందరు, చర్చి గదిలో జరుగుతుంటే "మతం మారుస్తారా?" అని కొందరు జంకుతారు. గది అద్దెకు తీసుకున్నది మాత్రమే. ఎవరికి తెలిసిన దేవుణ్ణి వాళ్ళు తలుచుకోమనే ఆ మెట్లలో ఉంది, నమ్మకం లేనివాళ్ళూ వస్తారు. కాణిపాకం మొక్కుకు, ఈ గదికి పోటీ ఏమీ లేదు.

వచ్చేటప్పుడు కనీసం ముగ్గురి ఫోన్ నంబర్లు తీసుకోండి. ఒక్కటే తీసుకుంటే, సరిగ్గా మనకు అవసరమైనప్పుడు అదే ఎత్తరు. ఫోన్ చేయాల్సింది తాగిన తర్వాత కాదు, షాపు వైపు కాళ్ళు తిరిగినప్పుడు. తాగాలన్న తపన సాధారణంగా ఇరవై ముప్పై నిమిషాల్లో దానంతటదే దిగిపోతుంది. ఆ కాసేపు మాట్లాడే గొంతు కావాలి. కొన్ని వారాలు పోయాక, మీ మనసుకు నచ్చిన పాత సభ్యుణ్ణి స్పాన్సర్‌గా ఉండమని అడగవచ్చు. మగవాళ్ళకు మగవాళ్ళు, ఆడవాళ్ళకు ఆడవాళ్ళు. స్పాన్సర్ అంటే అప్పిచ్చేవాడు కాదు, సంబంధాలు చూసేవాడు కాదు. 12 మెట్లు ఎక్కడంలో దారి తెలిసినవాడు. డబ్బు విషయం మధ్యలోకి వస్తే ఆ రోజే వేరే మనిషిని చూసుకోండి.

మొదటి మూడు నెలలు ఎన్ని మీటింగులు కుదిరితే అన్నిటికి పోవాలి. 90 రోజుల్లో 90 మీటింగులు అన్న మాట ఎ.ఎ.లో పాతది. వారానికి ఒకటో రెండో జరిగే చోట అది కుదరదు, కాబట్టి మిగతా రోజులు ఆన్‌లైన్ మీటింగులతో నింపాలి. జూమ్‌లో జరుగుతాయి, కెమెరా ఆపుకుని వినవచ్చు. పేరు దగ్గర ఫోన్‌లో ఉన్న పూర్తి పేరు పడకుండా ముందే మార్చుకోండి. ఇది చాలామంది మరిచిపోతారు. ఒక్క మీటింగ్‌కు పోయి "నాకు పడలేదు" అని ఆపేసేవాళ్ళే ఎక్కువ. ఒక్కో గ్రూపు ఒక్కో తీరు. కనీసం ఆరు మీటింగులు చూసి అప్పుడు చెప్పండి.

తిరుపతిలో ఒక ప్రత్యేకమైన చిక్కు డ్యూటీ వేళలు. కొండకు జీపులు, టాక్సీలు నడిపేవాళ్ళు, లాడ్జీల్లో, హోటళ్ళలో పనిచేసేవాళ్ళు, ఆర్టీసీ వాళ్ళు, వీళ్ళకు సాయంత్రం ఏడు అంటే పని మధ్యలో ఉంటుంది. అర్ధరాత్రి డ్యూటీ దిగి, ఒంటరిగా, ఆకలిగా, అలసిపోయి ఉన్నప్పుడే చెయ్యి సీసా వైపు పోతుంది. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట, ఈ నాలుగింటిలో రెండు కలిసిన రోజు జాగ్రత్త అని పాత సభ్యులు చెబుతారు. డ్యూటీ దిగేటప్పటికి టిఫిన్ డబ్బా సంచిలోనే ఉండాలి. ముందు తినేయండి. కడుపు నిండితే తపన సగం తగ్గుతుంది. మన టైముకు ఇక్కడ మీటింగ్ లేకపోతే, వేరే దేశాల్లో తెల్లవారే వేళకు జరిగే ఆన్‌లైన్ మీటింగ్ మనకు ఆ వేళకు దొరుకుతుంది.

"మీటింగ్‌లో తెలిసినవాళ్ళు కనిపిస్తే?" అన్నది అందరూ అడిగే ప్రశ్న. చిన్న ఊరు, కనిపిస్తారు. వాళ్ళు అక్కడ ఉన్నదీ మీరు ఉన్న కారణానికే. అక్కడ విన్నది, చూసింది బయటికి రాకూడదన్నది ఈ పద్ధతికి పునాది. అయినా మనసు ఒప్పకపోతే మొదటి కొన్నాళ్ళు చెన్నైకో బెంగళూరుకో పోయి రండి. అక్కడ ఏ రోజైనా ఎక్కడో ఒక చోట మీటింగ్ ఉంటుంది, మన జిల్లా వాళ్ళకు తమిళం చెవిన పడటం కొత్త కాదు.

తాగి మీటింగ్‌కు పోవచ్చా? గొడవ చేయకుండా వెనక కూర్చుంటే ఎవరూ గెంటేయరు. ఆ రోజు మాట్లాడనివ్వకపోవచ్చు. పోకపోవడం కన్నా అలా పోవడం నయం. బండి మీద మాత్రం పోవద్దు.

ఒక హెచ్చరిక. మీటింగ్‌లో ఎవరైనా "మాత్ర కూడా మత్తే, డాక్టర్ ఇచ్చినవి మానేయి" అంటే వినవద్దు. మందుల విషయంలో సభ్యులెవరూ డాక్టర్ వేషం వేయకూడదని ఎ.ఎ. స్వయంగా చెబుతుంది. డిప్రెషన్‌కో, ఫిట్స్‌కో వాడుతున్న మాత్ర ఉన్నట్టుండి ఆపితే మొదటికి మోసం వస్తుంది.

ఇక మాల సంగతి. నవంబరు వచ్చిందంటే అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు చుక్క ముట్టకుండా ఉండేవాళ్ళు మన వీధి వీధిలో ఉన్నారు. వాళ్ళకు మానే శక్తి ఉంది అనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. ఆ 41 రోజుల్లో ఉన్నది ఏమిటో గమనించండి. తెల్లవారే లేచి చన్నీళ్ళ స్నానం, రోజుకు రెండుసార్లు పూజ, సాయంత్రం భజన, చుట్టూ "స్వామీ" అని పిలిచే గురుస్వామి, తోటి స్వాములు, తప్పితే అందరికీ తెలిసిపోతుందన్న భయం. మాల తీసిన రోజు ఇవన్నీ ఒక్కసారిగా పోతాయి. అదే సాయంత్రం బాటిల్ తెరిచేవాళ్ళు చాలామంది. నెలన్నర మానిన ఒంటికి పాత మోతాదు తట్టుకునే అలవాటు పోయి ఉంటుంది కాబట్టి, ఆ రాత్రి పాత లెక్కన తాగడం మరీ ప్రమాదం. మాలలో ఉండగానే, చివరి పది రోజుల్లో, మీటింగ్ కనుక్కుని రెండుసార్లు పోయి రండి. భజనకు పోయే వేళకే మీటింగ్‌కు పోవడం అలవాటైతే, మాల తీసిన సాయంత్రం కాళ్ళకు వెళ్ళడానికి ఒక చోటు ఉంటుంది. మాల వేసుకునే రోజుకూ ఇంకో జాగ్రత్త: రోజూ తాగేవాళ్ళు మాల వేసే ముందు రోజు రాత్రి వరకు తాగి, మర్నాడు పూర్తిగా ఆపేస్తారు. పైన చెప్పిన వణుకు, ఫిట్స్ వచ్చేది అప్పుడే. రెండు వారాల ముందే డాక్టర్ దగ్గరికి పోండి.

గంగమ్మ జాతర వారం, పెళ్ళిళ్ళ సీజన్, చావింట్లో దినం, జీతం పడిన సాయంత్రం, వీటిని ముందే క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకుని ఆ రోజులకు మీటింగో, ఒక మనిషి తోడో ఏర్పాటు చేసుకోవాలి. ఆయుర్వేద ఆసవాలు, అరిష్టాలు కూడా చూసుకోండి. ద్రాక్షాసవం, దశమూలారిష్టం లాంటివి పులియబెట్టి చేసేవి, వాటిలో ఆల్కహాల్ ఉంటుంది. కొన్ని దగ్గు టానిక్కులూ అంతే.

ఇంట్లో ఆడవాళ్ళకు ఒక మాట, చేతులు జోడించి చెబుతున్నాను. తాగుడు మాన్పించే పొడి అని ఎవరో ఇస్తే రసంలోనో, మజ్జిగలోనో తెలియకుండా కలపకండి అక్కా. అలాంటి పొడుల్లో ఏముందో తెలియదు. డాక్టర్లు రాసే డైసల్ఫిరామ్ అనే మాత్రనే నూరి అలా కలిపేవాళ్ళూ ఉన్నారు. అది ఒంట్లో ఉండగా తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోయి, గుండె ఆగిపోవచ్చు. మాత్ర ఆపిన రెండు వారాల దాకా దాని ప్రభావం ఉంటుంది. అందుకే తాగే మనిషికి చెప్పి, ఆయన ఒప్పుకున్నాకే, రక్త పరీక్షలు చూసి డాక్టర్ ఇస్తాడు. మీకోసం వేరే మీటింగ్ ఉంది, అల్-అనాన్. 1951 నుంచి ఉంది, తాగేవాళ్ళ ఇంటివాళ్ళకు. ఆయన మానడానికి ఒప్పుకోకపోయినా, మీరు ఒక్కరే పోవచ్చు. ఎ.ఎ. నంబరుకు ఫోన్ చేసినప్పుడే అల్-అనాన్ ఎక్కడ జరుగుతుందో కూడా అడగండి.

ప్రైవేటు సెంటర్ల గురించి ఒక్క ముక్క. ఎ.ఎ. పేరు చెప్పి డబ్బు అడిగితే అది ఎ.ఎ. కాదు. చేర్పించి వైద్యం చేసే సెంటర్ ఏదైనా 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం కింద రిజిస్టర్ అయి ఉండాలి. ఆ సర్టిఫికెట్ చూపించమని అడగండి. అక్కడ ఉండే సైకియాట్రిస్ట్ ఎవరు, రాత్రిపూట ఫిట్స్ వస్తే ఏం చేస్తారు, వారానికి ఒకసారి అయినా ఇంటివాళ్ళను లోపలున్న మనిషితో ఒంటరిగా మాట్లాడనిస్తారా అని అడగండి. ఈ ప్రశ్నలకు చిరాకు పడే చోట చేర్పించవద్దు. రాత్రిపూట మనుషుల్ని పంపి చేతులు కట్టి ఎత్తుకుపోతామనేవాళ్ళకు అసలు ఫోనే చేయవద్దు.

దగ్గర్లో ఏ గ్రూపూ లేదని తేలితే? పుంగనూరు, సత్యవేడు, వి.కోట లాంటి చోట్ల నుంచి వారానికి రెండుసార్లు తిరుపతికో, చిత్తూరుకో వచ్చిపోవడం, ఆఖరి బస్సు పట్టుకోవడం అందరికీ కుదరదు. మానాలనుకునే ఇద్దరు ముగ్గురు కలిస్తే, వేరే ఏ సంస్థకూ అనుబంధం కాకుండా ఉంటే, తమను ఎ.ఎ. గ్రూపు అనుకోవచ్చని ఎ.ఎ. నియమంలోనే ఉంది. మొదట జనరల్ సర్వీస్ ఆఫీసుకు చెప్పి, తెలుగులో ఏమేం పుస్తకాలు దొరుకుతాయో అడిగి తెప్పించుకోండి. దగ్గరి ఊరి గ్రూపు నుంచి ఒకరిద్దరు పాత సభ్యుల్ని మొదటి కొన్ని వారాలు వచ్చి కూర్చోమని అడగండి. పిలిస్తే వస్తారు. గది ఎవరు ఉచితంగా ఇస్తామన్నా, నెలకు వందో రెండొందలో చేతిలో పెట్టండి. ఉచితంగా ఇచ్చిన గదిలో ఎవరి మాట చెల్లుతుందో మనకు తెలిసిందే. ఎవరి ఇంట్లోనూ పెట్టవద్దు, ఆ ఇంటి భార్యకు, పిల్లలకు అది భారమవుతుంది. వైన్ షాపు దాటకుండా చేరుకునే చోటు, బస్టాండుకు నడిచే దూరం, లైటు ఉండే వీధి చూడండి. పది కుర్చీలు చాలు, గుండ్రంగా వేయండి. టీ స్టీలు గ్లాసుల్లో కాకుండా చెవి ఉన్న కప్పుల్లో, సగానికే పోయండి. కొత్తగా మానిన మనిషి చెయ్యి వణికి నలుగురి ముందు ఒలికితే, ఆ సిగ్గుతో వచ్చే వారం రాడు.

రోజు, వేళ ఒక్కసారి నిర్ణయించాక మార్చవద్దు. తప్పక మార్చాల్సి వస్తే ఆఫీసుకు అదే రోజు తెలియజేయండి, ఆసుపత్రి కౌన్సిలర్‌కు చెప్పండి, పాత గది తలుపు మీద కొత్త చోటు, వేళ, ఒక గ్రూపు ఫోన్ నంబరు పెద్ద అక్షరాలతో రాసి అంటించండి. వానకు తడవకుండా ప్లాస్టిక్ కవరులో పెట్టి, మూడు నెలలు తీయకుండా ఉంచండి.